కావాలని అంటించిన ప్రతి మంటా దహన నేరమేనా?

గడ్డిపరక (చర్చ మొదలుపెట్టినవారు)

ఎక్కడ పెద్ద కార్చిచ్చు లేచినా మూడో రోజుకల్లా నా ఫోన్‌కి ఒక ఫార్వర్డ్ వచ్చి తీరుతుంది. "ఎండా కాదు, గాలీ కాదు, ఎవడో కావాలని అంటించాడు" అని. నమ్మించడానికి పక్కనే ఒక అంకె. మొన్న వచ్చినదాంట్లో ఆ అంకె 183. "ఆస్ట్రేలియా అడవుల్ని తగలబెట్టిన 183 మంది దొరికిపోయారు" అట. 2020 నాటి సరుకు, ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

ఈసారి ఊరుకోబుద్ధి కాక మూలం దాకా వెళ్లాను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పోలీసులు 2020 జనవరి 6న ఇచ్చిన ప్రకటన అది. అంతకుముందు నవంబరు 8 నుంచి నిప్పుకు సంబంధించిన తప్పులకు 183 మంది మీద చర్య తీసుకున్నాం అన్నారు. చర్య అంటే మందలించి వదిలేయడం దగ్గర్నుంచి కేసు పెట్టడం దాకా అన్నీ. వాళ్లలో కావాలని నిప్పు పెట్టారని కేసు పడింది 24 మంది మీద. ఆరుబయట నిప్పు రాజేయకూడదని నిషేధం ఉన్న రోజున మాట వినకపోయినవాళ్లు 53 మంది. కాలుతున్న సిగరెట్టో అగ్గిపుల్లో నేల మీద పడేసినవాళ్లు 47 మంది. అందరినీ ఒకే గాటన కట్టేస్తే 183 మంది 'దహనకారులు' తయారయ్యారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెడు తలంపు రుజువైన చోటే 'దహన నేరం' అనాలి. నిర్లక్ష్యానికి ఆ పేరు పెట్టకూడదు. కారణం తేలనిదానికి అసలే పెట్టకూడదు. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

సూటిగా ఒకమాట

ఒప్పుకోను. నిప్పు రాజేయొద్దని ప్రభుత్వం చాటింపు వేసిన రోజున రాజేసినవాడికి విషయం తెలియదా? తెలిసీ చేశాడు. తెలిసి చేసినదాన్ని మన భాషలో కావాలని చేసిందనే అంటారు. మీరు 24 మందే కదా అని తేలిక చేస్తున్నారు. ఒక్కడు చాలదా?

2009 ఫిబ్రవరి 7 గుర్తుందా? ఆస్ట్రేలియాలోనే విక్టోరియా రాష్ట్రంలో ఒక్కరోజు మంటలకు 173 మంది పోయారు. అందులో చర్చిల్ అనే ఊరి దగ్గర మంట ఒక మనిషి చేతి పని. పదిమంది చావుకు అతనే కారణమని కోర్టు తేల్చింది. శిక్ష 17 ఏళ్ల 9 నెలలు. ఇలాంటివాటిని 'లెక్కలో చిన్న భాగం' అని రాసే వ్యాసాలు చదివి చదివి విసుగొచ్చింది. పోయినవాళ్ల ఇంటివాళ్లకు అది చిన్న భాగం కాదు.

గడ్డిపరక

చర్చిల్ సంగతి కాదనను. కానీ అదే రోజున, అదే రాష్ట్రంలో కిల్మోర్ ఈస్ట్ మంటకు 119 మంది పోయారు. అది తెగిన కరెంటు తీగ నుంచి పుట్టింది. ఆ రోజు పేరెత్తితే చాలామందికి నిప్పు పెట్టిన మనిషే గుర్తొస్తాడు, తీగ గుర్తురాదు. నా గొడవ అక్కడే.

ధర్మసందేహం

వకీలుగా కాస్త కలగజేసుకుంటాను. 'తెలిసి చేయడం' ఒక్క మెట్టు కాదండీ, చట్టంలో దానికి చాలా మెట్లున్నాయి.

కాలిఫోర్నియా శిక్షాస్మృతి తీసుకోండి. 451వ సెక్షన్ ఆర్సన్, అంటే మనం దహన నేరం అంటున్నది. అది పడాలంటే ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో నిప్పు పెట్టి ఉండాలి, రెండూ కావాలి. 452వ సెక్షన్ చట్టవిరుద్ధంగా మంట కలిగించడం. ముప్పు ఉందని తెలిసీ లెక్కచేయకపోతే అది పడుతుంది. రెండూ నేరాలే, కానీ వేరు వేరు నేరాలు. న్యూ సౌత్ వేల్స్ దారి వేరు. అక్కడి బుష్‌ఫైర్ (కార్చిచ్చు) నేరం కింద మంట వెలిగించడం కావాలని చేసి ఉంటే చాలు. అది చెట్టూచేమకు పాకుతుందేమో అన్నదాంట్లో తెగింపు నిర్లక్ష్యం ఉంటే సరిపోతుంది, అడవిని కాల్చాలన్న కోరిక అక్కర్లేదు. గరిష్ఠ శిక్ష 21 ఏళ్లు. ఒకే మనిషి ఒకే పని చేసి ఒకచోట ఆర్సన్ కిందా, ఇంకోచోట దానికంటే చిన్న నేరం కిందా వస్తాడన్నమాట. రెండు దేశాల 'దహన నేరాల శాతం' పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

ఇంకో సంగతి. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసిన క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు. 85 మంది చనిపోయారు. పీజీ అండ్ ఈ అనే విద్యుత్ సంస్థ పాత ట్రాన్స్‌మిషన్ లైన్ నుంచి పుట్టింది. 2020 జూన్‌లో ఆ సంస్థ కోర్టులో 84 నరహత్య ఆరోపణలు ఒప్పుకుంది, వాటితోపాటు చట్టవిరుద్ధంగా మంట కలిగించిన నేరం కూడా. ఆ చివరిది 452. ఆ రాష్ట్రంలో ఎక్కువ ప్రాణాలు తీసిన కార్చిచ్చు నేరమే, కానీ ఆర్సన్ కాదు. ఒకడు పగతో ఎవరి గడ్డిమేటుకో అంటించి, అది పావుగంటలో ఆరిపోయినా ఆర్సనే.

రెండో వాన

అంటే కంపెనీ కాలిస్తే 'కలిగించింది', మనిషి కాలిస్తే 'పెట్టాడు'. వ్యాకరణం కూడా డబ్బున్నవాడి వైపే.

సూటిగా ఒకమాట

రెండో వాన గారూ, మీరు నా పక్షాన మాట్లాడారని మీకు తెలిసినట్టు లేదు. నేననేదీ అదే. తీగ పాతబడిందని తెలిసీ మార్చని సంస్థను కూడా దహనకారుడనే పిలవండి. మెట్లు కట్టేకొద్దీ తప్పించుకునే సందులే పెరుగుతాయి.

చెకుముకి

ఇంతవరకూ అందరూ కోర్టు మెట్ల దగ్గరే ఉన్నారు. మంట ఆరిన చోటు నుంచి మొదలుపెడదాం. నాకు కారణ పరిశోధనలో కొంత శిక్షణ ఉంది.

'ఆర్సన్' పరిశోధకుడి మాట కాదు. కాలిన నేల మీద నిలబడ్డవాడు రాయగలిగేది నాలుగే: ప్రకృతి వల్ల, ప్రమాదవశాత్తు, మనిషి కావాలని పెట్టింది, తేలలేదు. మూడోదానికి ఇంగ్లీషులో వాడేది 'ఇన్సెండియరీ' అన్న మాట. దురుద్దేశం ఉందా లేదా అన్నది తర్వాత పోలీసులూ కోర్టూ చూసుకోవాల్సిన విషయం. పేపర్లో రెండూ ఒకటే అయిపోతాయి.

ఆ నాలుగింట్లో ఒకటి రాయడానికి ఎంత తంటా పడాలో చెబుతాను. మంట చివరికి ఎంత విస్తరించినా పుట్టిన చోటు చాలాసార్లు ఒక గది అంత కూడా ఉండదు. బయటి నుంచి లోపలికి నడుస్తూ ఆనవాళ్లు చదవాలి. రాయి ఏ వైపు నల్లబడింది, చెట్టు మొదట్లో కమురు ఏ వైపు ఎత్తుగా ఉంది, ఆకులు ఏ వైపుకు వంగి బిగుసుకుపోయాయి. గాలికి ఎదురు నెమ్మదిగా పాకిన మంట గడ్డిని మొదలు దగ్గర కోసేస్తుంది, పరకలు మంట వచ్చిన వైపుకే వాలతాయి. ప్రతి ఆనవాలు దగ్గరా ఒక చిన్న జెండా గుచ్చుతారు. మంట ముందుకు దూకిన చోట ఎరుపు, పక్కకు పాకిన చోట పసుపు, వెనక్కి నడిచిన చోట నీలం. ఎరుపు నుంచి పసుపు, పసుపు నుంచి నీలం దాటుకుంటూ వెళ్తే పుట్టుక చోటు చిక్కుతుంది. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని గళ్లు గళ్లుగా తాడు కట్టి బూడిద జల్లించాలి. వాహనం బ్రేకు నుంచో సైలెన్సర్ నుంచో రాలిన ఇనప తునకలుంటాయేమోనని అయస్కాంతం ఆడించాలి. పిడుగు పడిందేమో ఆ రోజు రికార్డు చూడాలి, కరెంటు తీగ ఉందేమో తల పైకెత్తి చూడాలి.

ఇంత చేశాక కూడా ఏమీ దొరకకపోవడం మామూలే. అగ్గిపుల్లతో అంటిస్తే అది కాలిపోతుంది, లైటరైతే వాడి జేబులో వెళ్లిపోతుంది. ఆర్పడానికి వచ్చిన బండి టైరు సరిగ్గా ఆ చోటు మీదుగానే పోయి ఉంటుంది. మరి ఏం రాయాలి? ఒకప్పుడు కొందరు ఇలా చేసేవాళ్లు: పిడుగు లేదు, తీగ లేదు, బండి లేదు, కాబట్టి ఎవరో పెట్టారు. అంటే ఏ ఆధారమూ లేకపోవడమే ఆధారం. అమెరికాలో పరిశోధకులు ప్రమాణంగా చూసే ఎన్‌ఎఫ్‌పీఏ 921 అన్న మార్గదర్శిలో ఈ పద్ధతి తగదని 2011లో స్పష్టంగా రాశారు. అలాంటప్పుడు 'తేలలేదు' అని రాయమన్నారు. ఆ మాట రాయడానికి మాకు సిగ్గు లేదు, వినేవాళ్లకే ఓపిక లేదు.

గడ్డిపరక

చెకుముకి గారూ, అడగాలనుకున్నదే చెప్పారు. "సగం మంటలు కావాలని పెట్టినవే" అని ఆస్ట్రేలియా గురించి తరచూ వినపడుతుంది. అది ఎక్కడి లెక్క?

చెకుముకి

ఆస్ట్రేలియా నేర పరిశోధన సంస్థ 2008 ప్రాంతంలో దాదాపు 2,80,000 మంటల రికార్డులు పరిశీలించి ఇచ్చిన లెక్క. అందులో 'కావాలని పెట్టింది' అని రాసి ఉన్నవి 13 శాతం, 'అనుమానాస్పదం' అని ఉన్నవి 37 శాతం. రెండూ కలిపితే సగం. కలపడం తప్పని నేననను, అనుమానాస్పదాల్లో చాలావరకు నిజంగానే ఎవరో పెట్టినవి అయ్యుండొచ్చు. కానీ 'సగం' అన్న మాట బయటికి వచ్చేసరికి 'అనుమానం' అన్న ముక్క రాలిపోయింది. పైగా అవి మంటల సంఖ్యలో శాతాలు, కాలిన నేలలో కాదు.

సూటిగా ఒకమాట

37 శాతం మీద అనుమానం ఊరికే రాశారా? రాసింది అక్కడికి వెళ్లి చూసినవాళ్లే కదా. అనుమానం రాగానే అమాయకుడని మీరు తేల్చేస్తున్నారు. నేను దోషి అని తేల్చేస్తున్నాను. ఇద్దరం చేస్తున్నది ఒకటే.

చెకుముకి

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే. అందుకే ఆ గడిని విడిగా ఉంచమంటున్నాను.

ధర్మసందేహం

'కావాలని' అన్న గడి కూడా లోపల చీలిపోయి ఉంటుంది. స్పెయిన్ లెక్కల్లో సగానికి పైగా మంటలు ఉద్దేశపూర్వకం అని ఉంటాయి. చదవగానే పెట్రోలు డబ్బా పట్టుకున్న పిచ్చివాడు కళ్లముందుకొస్తాడు. కానీ కారణం విడమర్చిన చోట ఎక్కువగా కనబడేది మేత కోసం పొదలు కాల్చే పశుల కాపరి, పొలం చెత్త తగలబెట్టే రైతు. అనుమతి లేకుండా కావాలనే వెలిగించారు, అడవిని కాల్చాలని మాత్రం కాదు. తాతల నాటి పద్ధతి. తాతల కాలంలో ఆ పక్కన ఇంత ఎండు పొద లేదు, కాపలా కాసే పదిమంది ఉండేవాళ్లు. ఇప్పుడు పల్లె ఖాళీ అయింది, పొద పెరిగింది, నిప్పు పెట్టేవాడు ఒంటరిగా మిగిలాడు.

స్పానిష్‌లో వీటికి రెండు మాటలున్నాయి. నిప్పు అంటే మానసిక వ్యసనం ఉన్నవాడు పిరోమానో, ఒక ప్రయోజనం కోసం పెట్టేవాడు ఇన్సెండియారియో. మనం 'పైరోమేనియాక్' అని అందరికీ తగిలించేస్తాం. వైద్యుల లెక్కలో పైరోమేనియా చాలా అరుదు. డబ్బు కోసమో పగతోనో ఇంకో నేరం దాచడానికో పెడితే ఆ జబ్బు కిందికే రాదు.

యూరప్ దేశాలన్నీ ఒకే పద్ధతిలో రాసుకోవడానికి ఒక వర్గీకరణ తయారు చేసుకున్నాయి. అందులో ప్రమాదం, నిర్లక్ష్యం, ఉద్దేశపూర్వకం వేరు వేరు గడులు. ఆరిందనుకున్న మంట మళ్లీ లేస్తే దానికీ ఒక గడి ఉంది.

రెండో వాన

భూమి కోసం పెట్టేవాళ్ల సంగతో? అడవి కాలితే బిల్డింగు లేస్తుందని అందరూ అంటారు.

ధర్మసందేహం

అది ఉత్త పుకారు కాదు, చట్టాలు కూడా ఆ భయంతోనే పుట్టాయి. ఇటలీలో 2000 సంవత్సరపు 353వ చట్టం ప్రకారం కాలిన అడవి భూమి వాడకాన్ని 15 ఏళ్లు మార్చకూడదు, 10 ఏళ్లు కట్టడాలు లేవకూడదు, మేతా వేటా కూడా 10 ఏళ్లు బంద్. స్పెయిన్‌లో వాడకం మార్పు మీద నిషేధం 30 ఏళ్లు. ఎవరు పెట్టారో పట్టుకోవడం కష్టమని తెలిసి, పెట్టినందువల్ల వచ్చే లాభాన్నే తీసేశారు. నాకు నచ్చిన ఆలోచన.

నీలిమ

మీరందరూ గడుల గురించి మాట్లాడుతున్నారు. గడి తప్పు పడితే మనిషి ప్రాణం పోయిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

2021 ఆగస్టు, అల్జీరియాలో కబిలీ కొండలు. మంటల్లో 90 మంది దాకా చనిపోయారు. అధికారులు ఇది కుట్ర అన్నారు. అదే సమయంలో వేరే ఊరి నుంచి ఒక చిత్రకారుడు మంటలు ఆర్పడంలో సాయం చేద్దామని వెళ్లాడు. కొత్త ముఖం. నిప్పు పెట్టినవాడు వీడేనని ఎవరో అన్నారు. గుంపు అతన్ని పోలీసుల చేతుల్లోంచి లాగేసి చంపి, కాల్చేసింది. అతనికి ఆ మంటలతో ఏ సంబంధమూ లేదు. మరుసటి ఏడాది నవంబరులో ఆ హత్యకు కోర్టు 49 మందికి మరణశిక్ష వేసింది. ఆ దేశంలో 1993 నుంచి మరణశిక్ష అమలు చేయడం లేదు కాబట్టి అది జైలు శిక్షగానే మిగులుతుంది. ఒక్క మాట, యాభై కుటుంబాలు.

2020 సెప్టెంబరులో అమెరికా ఒరెగాన్‌లో ఫలానా రాజకీయ గుంపు వాళ్లే అడవులు తగలబెడుతున్నారని పుకారు లేచింది. కొందరు తుపాకులు పట్టుకుని రోడ్ల మీద బండ్లు ఆపి 'ఎవరు మీరు' అని అడగడం మొదలుపెట్టారు. ఖాళీ చేసి పారిపోవాల్సిన సమయంలో! అది అబద్ధమని, విచారించామని ఎఫ్‌బీఐ ప్రకటన చేయాల్సి వచ్చింది. 2023 ఆగస్టులో గ్రీసులో ఎవ్రోస్ ప్రాంతం కాలుతుంటే ఒకతను శరణార్థుల్ని ట్రెయిలర్‌లో పెట్టి తాళం వేసి 'నిప్పు పెట్టింది వీళ్లే' అని వీడియో తీశాడు. ఆ వారంలోనే అదే అడవిలో 18 మంది కాలిన శవాలై దొరికారు. వాళ్లు శరణార్థులేనని అధికారులు అనుకున్నారు. నిప్పు పెట్టేవాళ్లనుకున్నవాళ్లే నిప్పుకు దొరికిపోయారు.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1666లో లండన్ కాలినప్పుడు (అది ఊరి మంట, అడవిది కాదు, అయినా) రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచివాడు నేనే పెట్టానని ఒప్పుకుంటే ఉరితీశారు. మంట మొదలైన రెండు రోజులకు గానీ అతను లండన్‌లో అడుగుపెట్టలేదని తర్వాత తెలిసింది. ఒప్పుకున్నా నమ్మకూడని నేరం ఇది ఒక్కటేనేమో.

ఎండకూ గాలికీ ముఖం ఉండదు. తిట్టడానికి ఒక ముఖం కావాలి. అది ఎప్పుడూ పరాయివాడిదే అవుతుంది.

సూటిగా ఒకమాట

నీలిమ గారూ, అల్జీరియా ఘోరం నాకూ తెలుసు. కానీ గుంపు తప్పు చేసిందని నేరాన్నే తక్కువ చేసి చూపించడం న్యాయం కాదు. మీరు ఎంచుకున్నవన్నీ తప్పుడు ఆరోపణలు. నిజమైనవి నేను చెబుతాను.

2006 అక్టోబరు, కాలిఫోర్నియాలో ఎస్పెరాంజా మంట. అటవీశాఖ ఫైరింజన్ సిబ్బంది ఐదుగురు సజీవ దహనం. పెట్టినవాడు దొరికాడు, 2009లో మరణశిక్ష పడింది. 2024 జులైలో అక్కడే లేచిన పార్క్ ఫైర్ అనే కార్చిచ్చు చూడండి. ఒకడు మండుతున్న కారును లోయలోకి తోశాడని కేసు. 4,29,000 ఎకరాలు. ఒక్క కారు! 'దహన నేరాలు చిన్న చిన్న మంటలే, రోడ్డు పక్కనే ఆరిపోతాయి' అనేవాళ్లు దీనికేమంటారు?

ఆర్పాల్సిన చేతులే పెట్టిన కథలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో గ్లెన్‌డేల్ అగ్నిమాపక దళంలో జాన్ ఆర్ అనే కెప్టెన్ ఉండేవాడు. దహన నేరాల పరిశోధకుడు. ఏళ్ల తరబడి తాను పెట్టిన మంటల దగ్గరికే వెళ్లి విచారణ చేశాడు.

నీలిమ

మీరు చెప్పినవి నిజం, ఒప్పుకుంటాను. నిజమైనదీ నా వైపు వచ్చేది ఒకటుంది, అది కూడా వినండి. 2023లో కెనడాలోని క్యూబెక్‌లో ఒకతను 'ప్రభుత్వమే అడవులు తగలబెడుతోంది, వాతావరణ మార్పు అని నమ్మించడానికి' అని ఆన్‌లైన్‌లో రాస్తూ వచ్చాడు. 2024 జనవరిలో కోర్టులో 14 మంటలు తానే పెట్టానని ఒప్పుకున్నాడు. ఒకదానివల్ల షాపే అనే ఊళ్లో దాదాపు 500 ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ ఏడాది క్యూబెక్‌లో పెద్ద పెద్ద మంటలు మాత్రం పిడుగులవే.

రెండో వాన

దొంగే దొంగా దొంగా అని అరవడం విన్నాం. ఈయన అరవడానికి సరిపడా దొంగతనం తానే చేసి పెట్టాడు.

గడ్డిపరక

పార్క్ ఫైర్ గురించి: నేను చిన్న మంటలే అనలేదు. సగటు వేరు, ఒక్క ఘటన వేరు. అమెరికాలో 1992 నుంచి 2012 దాకా ప్రభుత్వ రికార్డుల్లోని సుమారు 15 లక్షల కార్చిచ్చుల్ని పరిశీలించి 2017లో ఒక అధ్యయనం వచ్చింది. మనుషుల వల్ల మొదలైనవి 84 శాతం, కానీ కాలిన నేలలో వాటి వాటా 44 శాతం. మిగతాది పిడుగులది. మనిషి ఉన్నచోట నిప్పు పుడితే మనిషి చూస్తాడు, బండి వస్తుంది. పిడుగు ఎవరూ లేని కొండ మీద పడి, దుంగలో రోజుల తరబడి పొగ కూడా కనపడకుండా రగిలి, గాలి లేచిన రోజున బయటికొస్తుంది. నా ఫార్వర్డ్‌లో 183 మంది తగలబెట్టారన్న ఆ ఎండాకాలంలోనే న్యూ సౌత్ వేల్స్‌లో అన్నిటికంటే పెద్ద మంట గోస్పర్స్ మౌంటెన్. 5 లక్షల హెక్టార్లు దాటింది. 2019 అక్టోబరు చివర్లో పడ్డ పిడుగు అది.

ఇంకో మాట. ఆ 84 శాతంలో దహన నేరం ఒక ముక్క మాత్రమే. చెత్త కాల్చడం, క్యాంపు పొయ్యి, తీగ, టపాకాయ అన్నీ అందులోనే ఉన్నాయి. 2018లో కాలిఫోర్నియాలో కార్ (Carr) ఫైర్ అనే కార్చిచ్చు ఎలా పుట్టింది? ట్రెయిలర్ టైరు పంక్చరై ఇనప చక్రం రోడ్డుకు రాసుకుంది. ఆ నిప్పురవ్వలకు 2,29,000 ఎకరాలు. 'మనిషి వల్ల' అన్నది 'మనిషి చేసిన కుట్ర'గా మారడానికి ఒక్క ఫార్వర్డ్ చాలు.

చెకుముకి

నేను శిక్షణలో ఎక్కువసేపు ఆలోచించిన మంట ఒకటుంది, ఈ చర్చకు దానికంటే మంచిది దొరకదు. 2002 జూన్, అరిజోనా, రోడియో–చెడెస్కై. రెండు మంటలు పుట్టి కలిసిపోయి 4,68,000 ఎకరాలు కాల్చాయి. రోడియో మంటను పెట్టింది ఒక తాత్కాలిక అగ్నిమాపక కూలీ. మంట ఉంటేనే పని, పని ఉంటేనే కూలి. అతనికి 10 ఏళ్ల జైలు పడింది. రెండు రోజులకు చెడెస్కై మంటను పెట్టింది అడవిలో దారితప్పిన ఒక ప్రయాణికురాలు. పైన హెలికాప్టర్ కనపడితే సైగ కోసం నిప్పు రాజేసింది. ఆమె మీద ఫెడరల్ ప్రభుత్వం క్రిమినల్ కేసు పెట్టలేదు. తమ అడవి పోయిందని అక్కడి అపాచీ తెగవాళ్లు తమ కోర్టులో సివిల్ దావా వేశారు.

రెండూ కావాలని వెలిగించినవే. ఒకరికి కూలి కావాలి, ఒకరికి ప్రాణం కావాలి. రెండూ కలిశాక ఏ చెట్టు ఎవరి మంటకు కాలిందో విడదీయలేం. సూటిగా గారూ, 'కావాలని' అన్నదే కొలత అయితే ఆమెకూ అతనికీ ఒకే పేరు పెట్టాలి. పెడతారా?

సూటిగా ఒకమాట

...పెట్టను. దారితప్పినావిడకు పెట్టను.

రెండో వాన

అయితే ఇది కూడా చెప్పండి. 2022లో న్యూ మెక్సికోలో హెర్మిట్స్ పీక్ మంట. ఏప్రిల్‌లో అటవీశాఖవాళ్లే డ్రిప్ టార్చ్ (మండే ఇంధనాన్ని చుక్కలుగా రాల్చే డబ్బా) పట్టుకుని, కాగితాల మీద సంతకాలు పెట్టుకుని, పొద తగ్గించడానికి ముందస్తు దహనం మొదలుపెట్టారు. గాలి మారింది, చేయి దాటింది. దానికి ఇంకోటి కలిసింది, కాఫ్ కాన్యన్. జనవరిలో వాళ్లే కాల్చిన కట్టెల కుప్ప, మంచు కింద మూడు నెలలు రగిలి లేచింది. మొత్తం 3,41,000 ఎకరాలు, ఆ రాష్ట్ర చరిత్రలోనే పెద్దది. కావాలనే పెట్టారుగా? గడి ఏది?

ధర్మసందేహం

దురుద్దేశం లేదు, అధికారం ఉంది. దహన నేరం కాదు. అయినా మీ ప్రశ్న గాల్లోది కాదు. అదే ఏడాది అక్టోబరులో ఒరెగాన్‌లో ముందస్తు దహనం పక్కవాళ్ల భూమిలోకి పాకితే, దాన్ని నడిపిస్తున్న అటవీశాఖ ఉద్యోగిని అక్కడికక్కడే షెరీఫ్ అరెస్టు చేశాడు. నిర్లక్ష్యంగా కాల్చాడని. నిప్పు ఇంకా ఆరకముందే!

దీని అవతలి అంచు కూడా చూడండి. కాలిఫోర్నియాలో క్లామత్ నది దగ్గరి కరుక్, యురొక్ ఆదివాసీ తెగలు తరతరాలుగా అడవికి చిన్న మంటలు పెట్టి పొదను అదుపులో ఉంచుకునేవాళ్లు. బుట్టలల్లే హేజెల్ చువ్వలు తిన్నగా రావాలన్నా కాల్చాల్సిందే. ప్రభుత్వం వచ్చి దాన్ని నేరం చేసింది. వందేళ్లు ఆపాక పొద పేరుకుపోయింది. 2021లో కాలిఫోర్నియా చట్టం మార్చి, శిక్షణ ఉన్నవాళ్లూ ఆదివాసీ సంప్రదాయం తెలిసినవాళ్లూ పద్ధతిగా పెట్టిన నిప్పు చేయి దాటితే, ఘోర నిర్లక్ష్యం ఉంటే తప్ప ఆర్పిన ఖర్చు వాళ్ల నెత్తిన వేయకూడదంది. అదే కొండ, అదే నిప్పు. తాతకు జైలు, మనవడికి రక్షణ.

సూటిగా ఒకమాట

సరే, నేను ఎక్కడున్నానో చెబుతాను. గడులు విడివిడిగా ఉండాలన్నది ఒప్పుకున్నా. 'అనుమానం' గడిని ఎవరూ 'కావాలని' గడిలో కలపకూడదు, అదీ ఒప్పుకున్నా. ఒకటి మాత్రం ఒప్పుకోను. నిషేధం ఉన్న రోజున, గాలి వీస్తున్న రోజున తెలిసి నిప్పు ముట్టించినవాడిని 'అజాగ్రత్త' గడిలో పెట్టి చేతులు దులుపుకోవడం. 2017లో ఒరెగాన్‌లో ఈగిల్ క్రీక్ లోయలోకి టపాకాయ విసిరిన 15 ఏళ్ల కుర్రాడికి కోర్టు 3.66 కోట్ల డాలర్ల నష్టపరిహారం వేసింది. కట్టగలడని కాదు, ఎంత కాలిందో తెలియాలని. పేరు ఏదైనా పెట్టుకోండి, బరువు అంత ఉండాలి.

గడ్డిపరక

అయితే మనిద్దరి మధ్యా మిగిలింది పేరు ఒక్కటే. నేను 'తెగింపు నిర్లక్ష్యం' అంటాను, మీరు 'దహన నేరం' అంటారు.

సూటిగా ఒకమాట

మీ మాట పలకడానికే పావుగంట పడుతుంది. జనం నా మాటే వాడతారు.

గడ్డిపరక

అదే నా భయం కూడా.

ఇంతకీ ఆ ఫార్వర్డ్ పంపినాయనకు జవాబు రాశాను. 183లో 24 మందే అని, మిగతావి ఏమిటో విడమర్చి. వెంటనే తిరిగి రాశాడు: "అయితే మిగతా 159 మంది అమాయకులా?"

సూటిగా ఒకమాట

నేనైనా అదే అడిగేవాణ్ని. ఏం చెప్పారు?

గడ్డిపరక

ఈ చర్చ లింకు పంపాను. ఇంకా చదువుతున్నట్టున్నాడు.